అమ్మకపు ఇండ్ల ఛాయాచిత్రములు: దిద్దుబాటునకు హద్దు ఏది?

ఇల్లు కొనదలచినవాడు పూర్వము ఆ ఇంటికి పోయి, గడప దాటి, గోడలు తట్టి చూచి, పిమ్మట ధర అడిగెడివాడు. నేడు అనేక దేశములలో అతడు మొదట చూచునది ఇల్లు కాదు, ఇంటి ఛాయాచిత్రము. చిత్రము నచ్చినచో ఇంటికి పోవును. నచ్చనిచో ఆ ఇంటి మాటయే తలపెట్టడు. దూరదేశములలో ఉద్యోగము చేయుచు స్వస్థలమున ఇల్లు కొనువారు కొందరు చిత్రములను నమ్మియే బయానా చెల్లించుచున్నారు. ఒక కుటుంబము తన జీవితకాలములో చేయు అతి పెద్ద ఖర్చు ఈ విధముగా కొన్ని బొమ్మల మీద ఆధారపడుచున్నది.

ఆ బొమ్మలు కెమేరా మీట నొక్కినంత మాత్రమున తయారగునవి కావు. పగలు తీసిన చిత్రములు రాత్రి కంప్యూటరుల యెదుట కూర్చున్న వేరొకరి చేతికి పోవును. కిటికీలో ఎండ తగ్గును, గది మూలలో వెలుగు పెరుగును, వంగిన గోడ నిలువగును, బూడిదరంగు ఆకాశము నీలమగును. మరునాటి ఉదయమునకు బొమ్మ సిద్ధము. ఈ పనిని గూర్చి రెండు అభిప్రాయములు వ్యాప్తిలో ఉన్నవి. దిద్దిన చిత్రమంతయు మోసమే యని కొందరందురు. దిద్దని చిత్రమే లోకములో లేదు గనుక దిద్దుబాటును తప్పు పట్టనక్కర లేదని మరికొందరందురు. ఈ రెండును తొందరపాటు తీర్పులే. దిద్దుబాట్లన్నియు ఒక జాతివి కావు. కొన్ని కెమేరా లోపమును సరిచేయును. కొన్ని ఇంటినే మార్చివేయును. ఏది ఏ జాతిదో తేల్చుటకు కాంతిశాస్త్రము, రేఖాగణితము కొంతవరకు తోడ్పడగలవు.

1960 నాటి ఒక చిత్రము

గృహ ఛాయాచిత్రములలో మిక్కిలి ప్రసిద్ధి చెందినది అమెరికాలోని లాస్ ఏంజెలెస్ నగరమున తీయబడినది. అచట 1945లో 'ఆర్ట్స్ అండ్ ఆర్కిటెక్చర్' అను పత్రిక ఆదర్శగృహ నిర్మాణ ప్రణాళిక నొకదానిని ఆరంభించెను. అందు 22వ సంఖ్య గల ఇంటిని పియెర్ కోనిగ్ అను వాస్తుశిల్పి హాలీవుడ్ కొండలపై ఉక్కుతోను గాజుతోను కట్టెను. 1960 మే నెలలో ఒక రాత్రి జూలియస్ షుల్మన్ అను ఛాయాగ్రాహకుడు ఆ ఇంటిని చిత్రించెను. కొండ అంచున గాజుగది, దానిలో కూర్చుండి మాటలాడుకొనుచున్న ఇద్దరు యువతులు, వారి క్రింద దూరమువరకు పరచుకొన్న నగరదీపములు - ఇదియే ఆ నలుపు తెలుపు చిత్రము.

ఈ చిత్రము ఒకే క్షణమున దొరకినది కాదు. నగరదీపముల కాంతి మిక్కిలి స్వల్పము. షుల్మన్ ఇంటిలోని దీపములార్పించి, కెమేరాను సుమారు 7 నిమిషములు తెరచియుంచి, ముందుగా నగరమును ఫిల్ముపై పట్టెను. అంతవరకు గది చీకటిగా నుండుట వలన ఫిల్ములోని ఆ భాగమునకు వెలుగు దాదాపు సోకలేదు. తరువాత గదిలోని గుండ్రని దీపపు గుబ్బలలో అమర్చిన ఫ్లాష్ బల్బులను వెలిగించి, అదే ఫిల్ముపై గదిని, మనుష్యులను పట్టెను. రెండు ఎక్స్‌పోజరుల కాంతి ఒకే ఫిల్ముపై కూడినది. పైగా ఆ ఇల్లు అప్పటికి పూర్తి కాలేదు. అందలి కుర్చీలు, బల్లలు చిత్రము కొరకు తెప్పించినవి.

దీనిని మోసమనవచ్చునా? కాంతి విషయములో అనరాదు. ఆ రాత్రి దీపములు వెలుగుచున్న ఆ గది ముందు నిలిచినవాడు గదివైపు చూచినప్పుడు గదిని, నగరమువైపు చూచినప్పుడు నగరమును చూడగలడు. అతని కన్ను ఒకదాని తరువాత ఒకటిగా చూచినదానిని షుల్మన్ ఒక్క ఫిల్ముపై కూర్చెను. ఫిల్ము చేయలేని పనిని నేర్పుతో చేయించెను. సామానుల విషయము వేరు. అవి ఆ ఇంటివారు వాడుకొను సామానులు కావు. అయితే ఆ చిత్రము ఇల్లు అమ్ముటకు కాక, ఒక వాస్తురీతిని చూపుటకు తీసినది. కొనుగోలుదారుడెవడును దానిని నమ్మి డబ్బు కట్టలేదు. అదే ఇల్లు కట్టిన తరువాత మొదటిసారిగా 2025లో అమ్మకమునకు వచ్చినది. ఆనాటి నేర్పు నేడు ప్రతి సామాన్య గృహమునకు వర్తించుచున్నది. ప్రయోజనము మారినప్పుడు తీర్పు కూడ మారవలెను. చిత్రమునకు అందము చాలును. ప్రకటనకు అందముతోబాటు బాధ్యత కలదు.

కన్ను, కెమేరా, కాగితము

గది లోపల, కిటికీ వెలుపల ఉన్నవి ఏకకాలమున ఎందుకు పట్టువడవో చూతము. మధ్యాహ్నపు టెండ దాదాపు 1,00,000 లక్సులుండును. దీపము వెలుగుచున్న సామాన్యమైన గదిలో 100 మొదలు 300 లక్సుల వరకు ఉండును. మంచము ప్రక్కనున్న మూలలో 10 లక్సులే యుండవచ్చును. వెలుపలి పెరటిలో 50,000 లక్సులు, మూలలో 10 లక్సులు అనుకొన్నచో వెలుగులో 5,000 రెట్ల భేదము. తెల్లగోడ తనపై పడిన కాంతిలో నూటికి 80 పాళ్లు, నల్లకొయ్య 4 పాళ్లు వెనుకకు పంపునని లెక్కించినచో, ఎండలోని తెల్లగోడకును మూలలోని నల్లకొయ్యకును నడుమ 5,000 × 20, అనగా 1,00,000 రెట్ల భేదమేర్పడును.

మంచి డిజిటల్ కెమేరా సెన్సారు ఒక్క ఎక్స్‌పోజరులో 8,000 మొదలు 16,000 రెట్ల భేదమును మాత్రమే నమోదు చేయగలదు. మెరుపు కాగితముపై అచ్చయిన బొమ్మలో అతి తెలుపునకు అతి నలుపునకు సుమారు 100 రెట్ల భేదమే సాధ్యము. లక్షను నూటిలో ఇముడ్చుటయే ఇంటి ఛాయాగ్రాహకుని చిక్కు.

మానవ నేత్రము ఈ చిక్కును వేరొక విధముగా దాటును. వెలుగునుబట్టి కంటిపాప వ్యాసము 2 మొదలు 8 మిల్లీమీటర్ల వరకు మారును. అనగా వైశాల్యము 16 రెట్లు మారును. మిగిలిన పనిని నేత్రపటలము తన సూక్ష్మగ్రాహ్యతను మార్చుకొని నిర్వహించును. నక్షత్రకాంతి ఒక లక్సులో వేయవ వంతు మాత్రమే. ఎండ లక్ష లక్సులు. ఈ 10 కోట్ల రెట్ల విస్తృతిలో కన్ను పనిచేయుచున్నది. గదిలో నిలుచున్నవాని చూపు మూల నుండి కిటికీకి, కిటికీ నుండి నేలకు కదలుచుండును. కదలిన ప్రతిచోట కన్ను సర్దుకొనును. ఆ చూపులన్నియు కలిసి 'గది' యను ఒక భావమగును. కెమేరా కొక్క చూపే కలదు. దానిలో కిటికీని సరిగా పట్టినచో గది చీకటి, గదిని సరిగా పట్టినచో కిటికీ తెల్లని మచ్చ. కావున దిద్దని చిత్రమే సత్యమను వాదము నిలువదు. ఆ చిత్రము చూపు చీకటి గదిని అందు నివసించువారెవరును ఎన్నడును చూచి యెరుగరు.

ఈ చిక్కు కొత్తది కాదు. 1856, 1857 సంవత్సరములలో ఫ్రాన్సు దేశపు గుస్తావ్ లె గ్రే సముద్రచిత్రములను తీసెను. ఆనాటి కొలోడియన్ గాజుపలకలు నీలికాంతికి మిక్కిలి చురుకుగా స్పందించెడివి. సముద్రము కనబడునంత సేపు పలకను తెరచినచో ఆకాశము తెల్లబడి మేఘములు మాయమయ్యెడివి. లె గ్రే ఆకాశము కొక నెగెటివు, సముద్రమున కొక నెగెటివు తీసి, దిగంతరేఖ వద్ద కలిపి ఒకే కాగితముపై ముద్రించెను. నేటి గృహచిత్రములలో మబ్బు తీసివేసి నీలాకాశము నతికించు పద్ధతికి మూలమచట కలదు. వేరొక వేళ తీసిన ఆకాశమును వేరొక సముద్రముపై అతికించుట న్యాయమా అను ప్రశ్న కూడ అచటనే పుట్టినది.

కంప్యూటరు కూర్పు

ఫిల్ముపై రెండు ఎక్స్‌పోజరులు కూడినప్పుడు కాంతి కేవలము మొత్తమగును. కంప్యూటరు అంతకంటె నేర్పుగా పనిచేయును. 1995లో స్టీవ్ మాన్, రోజలిండ్ పికార్డ్ అనువారు వేరువేరు ఎక్స్‌పోజరుల చిత్రములను కలిపి కెమేరా విస్తృతిని పెంచు పద్ధతిని ప్రకటించిరి. 1997లో పాల్ డెబెవెక్, జితేంద్ర మాలిక్ అట్టి చిత్రముల నుండి దృశ్యములోని నిజమైన కాంతి నిష్పత్తులను లెక్కగట్టు మార్గమును చూపిరి. 2007లో మెర్టెన్స్, కౌట్స్, వాన్ రీత్ అనువారు మరియొక సులభమార్గమును వివరించిరి. గృహచిత్రముల తయారీలో ఈ కడపటి మార్గము బాగుగా వ్యాప్తి చెందినది.

దాని సూత్రమిది. కెమేరాను ముక్కాలిపీటపై కదలకుండ నిలిపి ఐదు చిత్రములు తీయుదురు. ఒక్కొక్క దానిలో వెలుగు ముందుదానికంటె నాలుగు రెట్లు. మొదటిదానికి ఐదవదానికి 256 రెట్ల భేదము. కంప్యూటరు ప్రతి బిందువు వద్ద ఐదింటిని పోల్చును. ఏ చిత్రములో ఆ బిందువు మరీ నలుపు, మరీ తెలుపు కాక, రంగు నిండుగా, అంచులు స్పష్టముగా నుండునో దానికి ఎక్కువ విలువ నిచ్చును. తక్కినవాటికి తక్కువ విలువ నిచ్చి సరాసరి కట్టును. కిటికీ భాగము చీకటి చిత్రము నుండి, మూలల భాగము వెలుగు చిత్రము నుండి వచ్చును. ఇది చాలనప్పుడు దిద్దుబాటుదారుడు కిటికీ చట్రము వెంబడి హద్దు గీసి, వెలుపలి దృశ్యమును ప్రత్యేకముగా తీసిన చిత్రము నుండి తెచ్చి అమర్చును. కర్టెను అంచులు, ఊచల సందులు, గాజుపై ప్రతిబింబములు అన్నియు చేతితో సరిచేయవలసియుండును. చూచువానికి ఈ శ్రమ కనబడదు. కనబడినచో పని చెడినట్లే.

రంగుల సంగతియు నిట్టిదే. ఇంటి పసుపుదీపముల కాంతి 2,700 మొదలు 3,000 కెల్వినుల రంగు ఉష్ణోగ్రత గలది. నీడపట్టున కిటికీ గుండ వచ్చు ఆకాశకాంతి 7,000 కెల్వినులను దాటును. కన్ను క్రమముగా సర్దుకొని తెల్లగోడను తెల్లగనే చూచును. కెమేరా ఒకే గోడను ఒక ప్రక్క పసుపుగా, మరొక ప్రక్క నీలముగా చూపును. దిద్దుబాటుదారుడు ఆ మరకలను తొలగించును. ఇది న్యాయమైన దిద్దుబాటు.

అయితే వెలుగుల కూర్పు ఒక నిజమును తనకు తెలియకుండనే చెరిపివేయుచున్నది. విమర్శకులు దీనిని తగినంతగా గమనింపలేదు. కన్ను ఎంత సర్దుకొన్నను కిటికీ గదికంటె వెలుగైనదని దానికి తెలియుచునే యుండును. కూర్చిన చిత్రములో పెరటిచెట్టు, గది గోడ సమానమైన వెలుగుతో కనబడును. ఒక్కొక్కప్పుడు గోడయే ప్రకాశవంతముగా నుండును. పగలు దీపము వేయక తప్పని ఉత్తరపు గదికిని, నిండుగా వెలుతురు వచ్చు తూర్పు గదికిని చిత్రములో తేడా లేకుండ పోవును. ఇల్లు కొనువానికి గదిలో వెలుతురెంత అనునది చిన్న విషయము కాదు. పిల్లల చదువు, గోడల చెమ్మ, విద్యుత్తు ఖర్చు దానిపై ఆధారపడియున్నవి. ఈ విధముగా కెమేరా లోపమును సరిచేయు దిద్దుబాటే ఇంటి లోపమును కూడ కప్పుచున్నది.

దిద్దుబాటు లేని మోసము

నిలువు గోడలు పైన దగ్గరపడి కనబడుట మరొక లోపము. కెమేరాను పైకెత్తినప్పుడు సెన్సారు తలము గోడకు సమాంతరముగా నుండదు. అందువలన సమాంతర రేఖలు ఒకచోట కలియునట్లగును. కంప్యూటరు చిత్రము పైభాగమును సాగదీసి వాటిని నిలువు చేయును. ఎత్తు వెడల్పుల నిష్పత్తిని కూడ సరిచూచినచో ఇందు దోషము లేదు. చూడనిచో ఇల్లు ఉన్నదానికంటె పొడవుగానో పొట్టిగానో కనబడును.

అసలు మోసమునకు దిద్దుబాటే అక్కరలేదు. కటకము చాలును. 36 మిల్లీమీటర్ల వెడల్పుగల సెన్సారుపై 50 మిల్లీమీటర్ల నాభ్యంతరము గల కటకము సుమారు 40 డిగ్రీల కోణమును చూపును. 24 మిల్లీమీటర్ల కటకము 74 డిగ్రీలను, 16 మిల్లీమీటర్ల కటకము దాదాపు 97 డిగ్రీలను చూపును. చిన్న గదిని ఒక మూల నుండి మొత్తము చూపుటకు విశాలకోణ కటకము కావలసినదే. దాని రేఖాగణితములో తప్పు లేదు. తప్పు చూచు దూరములో నున్నది.

ఏ ఛాయాచిత్రమునకైనను దృష్టి సరిపోవు స్థానము ఒకటి కలదు. చిత్రమును సెన్సారు కంటె ఎన్ని రెట్లు పెద్దది చేసిరో, నాభ్యంతరమునకు అన్ని రెట్ల దూరము నుండి దానిని చూడవలెను. సెల్‌ఫోను తెరపై 12 సెంటీమీటర్ల వెడల్పుగా కనబడు చిత్రము 16 మిల్లీమీటర్ల కటకముతో తీసినదైనచో, 12 × 16 ÷ 36, అనగా 5.3 సెంటీమీటర్ల దూరము నుండి చూచినప్పుడే అది గదిని ఉన్నది ఉన్నట్లు చూపును. అంత దగ్గరగా కన్ను సరిగా చూడనే లేదు. చూచువాడు తెరను 30 సెంటీమీటర్ల దూరమున పట్టుకొనును. రేఖాగణితము ప్రకారము గది లోతు 5 రెట్లకు పైగా సాగినట్లగును. తెలిసిన వస్తువుల పరిమాణముతో పోల్చుకొని మనస్సు ఆ భ్రమను కొంత తగ్గించుకొనునుగాని, పూర్తిగా పోగొట్టుకొనలేదు. దగ్గరనున్న సోఫా మిక్కిలి పెద్దదిగాను, ఎదుటి గోడ మిక్కిలి దూరముగాను కనబడుట అందరి అనుభవములోనిదే. ఇందు ఒక్క బిందువైనను దిద్దబడలేదు. అయినను పది అడుగుల గది మందిరమువలె భాసించును.

ఇంటినే మార్చు దిద్దుబాట్లు

ఇక మూడవ జాతి దిద్దుబాట్లు. ఎండిన పచ్చికకు పచ్చరంగు వేయుట, ఇంటి ముందరి విద్యుత్ స్తంభమును తీగెలను తుడిచివేయుట, గోడపై పగులును పూడ్చుట, కిటికీలో ప్రక్కయింటి గోడకు బదులు తోటను చూపుట, ఖాళీ గదిలో కంప్యూటరు గీసిన మంచము బల్లలు పెట్టుట - ఇవి యన్నియు ఒకప్పుడు గంటల కొలది పని. మాట చెప్పిన బొమ్మ గీయు కృత్రిమమేధ సాధనములు వచ్చిన తరువాత ఇవి నిమిషముల పనియైనవి.

కల్పిత సామానుల వలన కలుగు భ్రమను చిన్న లెక్కతో చూపవచ్చును. 10 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పుగల ఖాళీ గదిలో మంచమును దాని నిజపరిమాణములో నూటికి 80 పాళ్లుగా గీసినారనుకొందము. చూచువాడు మంచము పరిమాణమెరుగును గనుక దానినే కొలబద్దగా గైకొనును. గది అతనికి 12.5 అడుగుల పొడవు వెడల్పులతో తోచును. వైశాల్యము 100 చదరపు అడుగులకు బదులు 156 చదరపు అడుగులుగా కనబడును. గోడను ముట్టుకొనకుండనే గదిని సగమునకు పైగా పెంచినట్లయినది.

ఈ పనులు చేయువారెవరు? అమెరికా, ఆస్ట్రేలియాలలో తీసిన చిత్రములలో పెక్కింటిని వియత్నాం, ఫిలిప్పీన్స్, బంగ్లాదేశ్, భారతదేశములలోని దిద్దుబాటుదారులు సిద్ధపరచుచున్నారు. చిత్రమునకు ఒకటి రెండు డాలర్ల చొప్పున ధరలు ప్రకటింపబడుచున్నవి. చిత్రము క్రింద ఛాయాగ్రాహకుని పేరైన ఉండవచ్చునుగాని వీరి పేరుండదు. స్తంభమును తుడువుమని ఆజ్ఞాపత్రములో వ్రాసినచో తుడుచుట వీరి పని. ఆ స్తంభము ఇంటి హద్దులో నున్నదో, వీధిలో నున్నదో వీరెరుగరు. కొనువాని ముఖము వీరు చూడరు. నిర్ణయము దళారిది, చేయి దిద్దుబాటుదారునిది, నష్టము కొనుగోలుదారునిది. ఈ ముగ్గురును ఒకచోట కలియకపోవుట వలననే హద్దు మీరుట సులభమగుచున్నది. వీరి నేర్పును మోసమని నిందించుట అన్యాయము. అయితే దిద్దకముందరి చిత్రము వీరి చేతిలో ఉండును. కావున నిజమును నిలుపుటకు కావలసిన సాక్ష్యము నశింపలేదు, దాచబడినదంతే.

చట్టము గీసిన గీత

ఈ సాక్ష్యమునే కోరుచు లాస్ ఏంజెలెస్ ఉన్న కాలిఫోర్నియా రాష్ట్రము 2025లో ఒక చట్టమును చేసెను. 723వ సంఖ్యగల ఆ శాసనసభా బిల్లు చట్టమై 2026 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చినది. దాని ప్రకారము ఇండ్ల దళారి డిజిటల్ పద్ధతిలో మార్చిన చిత్రమును ప్రకటించినచో, మార్చబడినదని స్పష్టముగా తెలుపవలెను. మార్చక ముందరి చిత్రమును చూచుటకు దారియు చూపవలెను. సామానులు, నేల, గోడలు, రంగు, తోట, ఇంటి ముఖభాగము, విద్యుత్ స్తంభములు, కిటికీ గుండ కనబడు దృశ్యము, పొరుగు ఇండ్లు - వీనిని చేర్చినను తీసివేసినను మార్చినను అది మార్పే. వెలుగు, రంగుల సమతూకము, వంకర సరిచేయుట, అంచులు కత్తిరించుట మున్నగు సామాన్యపు సవరణలు ఇంటి స్వరూపమును మార్చనంతవరకు ఈ నియమము క్రిందికి రావు.

ఈ విభజన మొత్తముమీద శాస్త్రసమ్మతము. కెమేరా లోపమునకును ఇంటి మార్పునకును నడుమ గీత గీచినది. దిద్దుబాటును నిషేధింపక, మూలమును ప్రక్కన పెట్టుమన్నది. అయినను రెండు లోటులు కలవు. వెలుగు సవరణను సామాన్యముగా నిర్దోషమని విడిచిపెట్టుటచే చీకటి గది వెలుగు గదిగా చెలామణి యగుటకు సందు మిగిలినది. కటకము చేయు భ్రమ డిజిటల్ మార్పే కాదు గనుక దాని ఊసే లేదు. గదిని అతిగా పెంచి చూపు సాధనము గీతకు వెలుపల నిలిచిపోయినది.

భారతదేశములో 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ, అభివృద్ధి చట్టము 12వ సెక్షను మరియొక మార్గము త్రొక్కినది. ప్రకటనలోని తప్పుడు వివరమును గాని, నమూనా ఇంటిని గాని నమ్మి డబ్బు కట్టి నష్టపోయినవానికి నిర్మాణదారుడు పరిహారమీయవలెనని అది విధించినది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలోను ఈ చట్టము క్రింద ప్రాధికార సంస్థలు పనిచేయుచున్నవి. ఇచట ప్రకటనలలో కనబడునవి తరచు ఇంకను కట్టని ఇండ్లు. వాటికి ఛాయాచిత్రమే సాధ్యము కాదు. ఉన్నది కంప్యూటరు గీసిన బొమ్మ మాత్రమే. నష్టము జరిగిన పిమ్మట పరిహారము మంచిదే. నష్టమునకు ముందే చిత్రమును చదువగలుగుట అంతకంటె మంచిది.

చిత్రమును చదువు విధము

పై పరిశీలన నుండి ఒక కొలబద్ద ఏర్పడుచున్నది. ఇంటిలో నిలుచున్నవాడు చూడగలిగినదానిని, కెమేరా పట్టలేక పోయినందున, తిరిగి తెచ్చి చూపుట దిద్దుబాటు. నిలుచున్నవాడు చూడజాలని దానిని చూపుట కల్పన. అది కల్పనయని చెప్పినచో తప్పు లేదు. నిలుచున్నవాడు చూడక తప్పని దానిని మరుగుపరచుట మోసము. షుల్మన్ వెలుగు మొదటి తరగతిది. కల్పిత మంచము రెండవ తరగతిది. తుడిచివేసిన స్తంభము మూడవ తరగతిది. కూర్చిన వెలుగు, విశాలకోణ కటకము మాత్రము మొదటి తరగతికిని మూడవ తరగతికిని నడుమ ఊగులాడుచున్నవి. వాటిని మొదటి తరగతిలో నిలుపుటకు మార్గము కష్టమైనది కాదు. ప్రకటనలో గది కొలతలు, కటకపు నాభ్యంతరము, కిటికీల దిక్కు తెలిపి, దీపములు లేకుండ పగలు తీసిన ఒక్క ఎక్స్‌పోజరు చిత్రమును జతపరచిన చాలును. నాభ్యంతరము సామాన్యముగా కెమేరా వ్రాయు ఫైలులోనే నమోదైయుండును. ప్రకటనకెక్కునప్పటికి తరచు అది తొలగిపోవును.

ఉన్నత పాఠశాలలో ఈ విషయమును ప్రయోగముగా చూపుట తేలిక. మధ్యాహ్నము తరగతి గదిలో దీపములార్పి, సెల్‌ఫోను కెమేరాను కిటికీవైపు నిలిపి, తెరపై మొదట కిటికీని, తరువాత నల్లబల్లను తాకి రెండు చిత్రములు తీయవలెను. వెలుగుల స్వయంకూర్పును ఆపు వీలున్నచో ముందుగా ఆపవలెను. ఒకదానిలో గది చీకటియగును, రెండవదానిలో కిటికీ తెల్లబడును. రెండింటిని విద్యార్థులు కంటితో చూచిన దృశ్యముతో పోల్చవలెను. పిమ్మట అదే మూల నుండి సామాన్య కటకముతో నొకటి, విశాలకోణ కటకముతో నొకటి తీసి, గది నెరుగని వేరొక తరగతి విద్యార్థులకు చూపి, గది పొడవు ఎంతయని అడుగవలెను. వారు చెప్పిన సంఖ్యల సరాసరులను టేపుతో కొలిచిన పొడవు ప్రక్కన బల్లపై వ్రాసినచో, కటకము చేయు పని వేరుగా బోధింపనక్కర లేదు.

ఇండ్ల చిత్రమును చూచునప్పుడు విద్యార్థి అడుగదగిన ప్రశ్నలు మూడు. కిటికీ వెలుపలి దృశ్యము గది గోడకంటె వెలుగుగా నున్నదా, లేక రెండును సమానముగా నున్నవా? చిత్రపు అంచులనున్న వస్తువులు సాగియున్నవా? సామానుల నీడలు కిటికీ వెలుగు వచ్చు దిక్కునకు సరిపోవుచున్నవా? మొదటి ప్రశ్న కూర్పును, రెండవది కటకమును, మూడవది కల్పనను పట్టియిచ్చును. ఈ మూటికి సమాధానము తెలిసికొన్నవాడు చిత్రమును ఇంటికి పోవుటకు పిలుపుగా మాత్రమే గైకొనును. బయానా మాట ఇల్లు చూచి, గది కొలిచి, పగటివేళ దీపములార్పి చూచిన తరువాతనే ఆలోచించును.